మెట్టసీమలో పడవ ఇల్లు

చిక్కబళ్ళాపురం దాటి బాగేపల్లి వైపు సాగిపోయే పెద్ద బాటలో ఇరువైపులా రాతిగుట్టలు, వాటి నడుమ రాగి చేలు, వేరుసెనగ చేలు, అక్కడక్కడ ద్రాక్షతోటలు కానవస్తాయి. ఆ ప్రాంతాన గుడిబండ తాలూకాలో ఒక హోబళికి ముఖ్యస్థానమైన వూరు సోమేనహళ్ళి. కోలారు జిల్లా నుండి 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయినప్పుడు గుడిబండ, బాగేపల్లి, చింతామణి తాలూకాలు కూడా దానితోపాటే వచ్చినవి. పేరు చివర ‘హళ్ళి’ వున్నంత మాత్రాన అక్కడ మన భాష పరాయిదని ఎవరూ అనుకోరాదు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ కలిసిన మూడో భాష. చెరువు నిండి పొర్లితే “కోడి పడింది” అని ఒకరంటారు, “అవును, మరవ పోతా వుంది” అని ఇంకొకరు బదులు చెబుతారు. ఇద్దరూ చెప్పేది ఒక్కటే. యీ కోడికీ, కూత పెట్టే కోడికీ సంబంధం లేదని ఆంధ్రదేశం నుండి వచ్చిన కొత్త కోడళ్ళకు మాత్రం ఎవరైనా విడమరచి చెప్పవలసి వుంటుంది.

యీ సీమకు ఒక విచిత్రమైన ప్రతిష్ఠ వున్నది. నందికొండల చుట్టుపట్లనే పెన్న, చిత్రావతి, పాపఘ్ని, పాలారు, అర్కావతి, దక్షిణ పినాకిని పుట్టినవని చెబుతారు. ఇన్ని నదులకు పుట్టినిల్లయిన చోట ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. ఆడపిల్లలు పెరిగి పెద్దవారై అత్తవారిళ్ళకు పోయి అక్కడ సిరులు కురిపించినట్లు, యీ నదులన్నీ కిందికి పోయిన తరువాతనే నదులనిపించుకుంటాయి. పుట్టినింట మిగిలినది సుమారు ముప్ఫై అంగుళాల వాన, దానిని పట్టి వుంచే చెరువులు, అవి ఎండితే వెయ్యి అడుగులకు పైగా లోతుకు దింపిన బోరుబావులు.

కనుక పెద్దలు చెరువుల మీదనే ప్రాణం పెట్టుకున్నారు. గుడిబండ కొండమీద శివాలయమూ కోటా వున్నవి. బైరేగౌడ అనే పాళెగాడు కట్టించినవని చెబుతారు. ఆయన పేరుతోనే కొండ దిగువన అమాని బైరసాగరమనే పెద్ద చెరువు వున్నది. నిండుగా వున్నప్పుడు కొండమీద నుండి చూస్తే ఆ చెరువు భారతదేశపు పటం మాదిరి కనుపిస్తుందని చూడవచ్చేవారందరూ అంటారు. మేమూ చూచినాము. కన్యాకుమారి బాగానే కుదిరింది. కాశ్మీరం దగ్గర కొంచెం మన ఊహ కలుపుకోవాలి. 2021 నవంబరులో కురిసిన వానలకు యీ జిల్లాలో ఎన్నో చెరువులు చాలా ఏళ్ళ తరువాత మరవ పోయినవి. ఆడవారు పసుపు కుంకుమలతో వెళ్ళి గంగమ్మకు బాగినం సమర్పించినారు. అంతకుముందు పుట్టి పదేళ్ళయిన పిల్లలలో కొందరు చెరువులో కట్టకు ఆనిన నీళ్ళు చూడడం అదే మొదటిసారి.

ఇలాంటి మెట్టసీమలో పడవ మాట ఎత్తితే ఎవరికైనా నవ్వు వస్తుంది. అయినా యీ వ్యాసం పడవను గురించే. అందునా నీళ్ళమీద పడవగా, నేలమీద ఇల్లుగా పనిచేసే పడవను గురించి.

కొంతకాలం కిందట మా ఆఫీసులో చేరిన ఒక కుర్రవాడు సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించినాడు. జర్మనీదేశంలోని కీల్ అనే రేవుపట్టణంలో డానియల్ స్ట్రౌబ్ అనే ఆయన 2010 తరువాతి సంవత్సరాలలో రూపొందించిన బండి అది. పేరు సీలాండర్. చూడడానికి తెల్లని గుడ్డు ఆకారంలో రెండు చక్రాల పెట్టె. మామూలు కారు వెనుక తగిలించి ఎక్కడికైనా లాగుకొని పోవచ్చును. లోపలి బల్లలను పరుచుకుంటే ఇద్దరు పడుకునే మంచమవుతుంది. పైకప్పు తెరుచుకుంటుంది. చెరువు ఒడ్డుకు చేరి వెనుక ఒక చిన్న మోటారు తగిలిస్తే, అదే పెట్టె చక్రాలతో సహా నీటిలోకి దిగి పడవై పోతుంది. దాని ఖరీదు విన్న తరువాత మేమందరం ఫోను జాగ్రత్తగా ఆ అబ్బాయికే తిరిగి ఇచ్చివేసినాము. “ఇటువంటిది మన దేశంలో ఎప్పటికి వస్తుందో!” అని అతను నిట్టూర్చినాడు.

ఆ మాట మా మనసులో వుండగానే పోయిన కార్తీకమాసంలో మా నాలుగు కుటుంబాలవారము, పిల్లలతో కలిసి పదిహేడుగురము, సోమేనహళ్ళికి వనభోజనాలకు బయలుదేరినాము. మాలో ఒకరి మేనత్తగారు అక్కడ వున్నారు. ఆమె డెబ్బై దాటిన మనిషి, మాకందరికీ అత్తే. పులిహోర, రాగి సంగటి, వూరిమిండి రెండూ చేయించి పెట్టి, “చెరువు కట్ట మీదికి పోండి, చల్లగా వుంటాది. తెప్పలోళ్ళు కూడా వచ్చినారు, పిల్లోళ్ళకు చూపించండి” అన్నది.

కట్ట ఎక్కి చూస్తే నీటి అంచున మూడు నల్లని గుమ్మటాలు కనుపించినవి. దూరానికి పెద్ద పుట్టగొడుగుల మాదిరి వున్నవి. దగ్గరకు పోయినాక తెలిసింది, అవి బోర్లించిన పుట్టులని. కృష్ణా తుంగభద్రల దగ్గర మనవారు పుట్టి అనేదానినే యీ సీమవారు తెప్ప అంటారు. కన్నడంలో హరిగోలు, మన పాత తెలుగులో అరిగోలు. వెదురుబద్దలతో అల్లిన గుండ్రని బుట్ట. అడ్డంగా ఆరేడు అడుగులు వుంటుంది. ప్రతి పుట్టికీ ఒక పక్క అంచును ఎత్తి రెండు కర్రలమీద నిలిపినారు. ఆ సందే గుమ్మం. లోపల ఒక చాప, ఒక రేకుపెట్టె, నాలుగు గిన్నెలు, అడ్డబద్దకు కట్టిన పాతచీర వుయ్యాలలో ఒక పసిబిడ్డ. బయట మూడు రాళ్ళ పొయ్యి. పొయ్యిమీద చేపల పులుసు ఉడుకుతూ వున్నది. మాలో శాకాహారులు కొంచెం దూరంగా నిలబడినారు గాని, వాసన మాత్రం అందరినీ సమానంగానే పలకరించింది.

ఆ మూడు పుట్టులవారు ఒకే కుటుంబం. అరవై ఏళ్ళ పెద్దాయన, ఆయన ఇద్దరు కొడుకులు, కోడండ్రు, పిల్లలు. వారిది తుంగభద్ర ఒడ్డున ఒక పల్లె. తెలుగూ కన్నడమూ రెండూ మన మాదిరే మాట్లాడుతారు. చెరువు చేపలను గుత్తకు పాడుకున్న ఆసామి కబురు పెడితే వస్తారు. పట్టిన చేపను కాటా వేసి కిలోకింత అని కూలి తీసుకుంటారు. బొచ్చె, శీలావతి, బంగారుతీగ దొరుకుతాయట. ఒక చెరువు అయిపోతే మరొక చెరువు.

“మీ పుట్టులు అంత దూరం నుండి ఎట్లా తెచ్చినారు, పెద్దాయనా?” అని అడిగినాము.

“లారీ మింద వేసుకోని రోడ్డు దాకా వస్తాం సామీ. ఆడినుంచి నెత్తి మింద. నీళ్ళలో అది మమ్మల్ని మోస్తాది, నేల మింద మేము దాన్ని మోస్తాం. రాత్రికి అదే మిద్దె” అన్నాడు.

మా ఆఫీసు కుర్రవాడు కూడా మాతో వచ్చినాడు. అతను సెల్‌ఫోను జేబులో నుండి తీయకుండానే మావైపు చూచినాడు.

పుట్టి తయారీని గురించి పెద్దాయనను కదిలిస్తే ఆగలేదు. వెదురును చీల్చి బద్దలు తీసి, అడుగున దట్టంగా, పైకి పోనుపోను పలుచగా అల్లి, అంచుకు గట్టి కడ్డీ చుట్టి బిగిస్తారు. చేయి తిరిగిన ఇద్దరు కూర్చుంటే ఒక్క రోజులో బుట్ట లేస్తుందట. వెనుకటి రోజులలో దానికి తోలు కప్పేవారు. తరువాత ప్లాస్టిక్ సంచుల పట్ట, దానిమీద కరగబెట్టిన తారు వచ్చినవి. ఇప్పుడు ఫైబరు పుట్టులు కూడా దొరుకుతున్నవి. అవి చాలా ఏళ్ళు మన్నుతాయి, తారు పూయనక్కరలేదు. “మరి మీరెందుకు కొనలేదు?” అని అడిగితే, దాని ధర సంగతి చెప్పలేదు గాని, “ఎండలో దాని కింద పండుకోలేము సామీ, కాగిపోతాది. వెదురైతే గాలి మెదులుతాది” అన్నాడు. పడవ కొనబోయేవాడు దానికింద నిద్ర ఎట్లా పడుతుందని విచారించడం మాకు కొత్తగా వున్నది. ఆలోచిస్తే, ఇల్లు కొనేవాడు అడగవలసిన ప్రశ్న అదే గదా.

ఇక ఎక్కడం సంగతి. పుట్టికి ముందూ వెనుకా లేవు. తెడ్డు పట్టినవాడు తాను పోదలచిన వైపున కూర్చుని నీటిని తనవైపు లాగుకుంటాడు. అటూ ఇటూ మెలిక తిప్పుతూ లాగితే పుట్టి తిన్నగా పోతుంది. ఒకే పక్క తోస్తే గిర్రున తిరుగుతుంది. పెద్దాయన కావాలనే రెండుసార్లు తిప్పేసరికి పిల్లల కేకలు కట్ట అవతలికి వినిపించినవి. అడుగు బల్లపరుపుగా వుండడం వలన నాలుగంగుళాల నీళ్ళున్నా అది తేలుతుంది; అందుకే బురద, ముళ్ళతుమ్మ మొద్దులు నిండిన యీ చెరువులలో కొయ్యపడవ పోలేని చోటికి పుట్టి పోతుంది. కాని అంచుమీద కూర్చున్నా, ఉన్నట్టుండి లేచి నిలుచున్నా ఒరిగిపోతుంది. మా ఆడవారు యీ సంగతి కనిపెట్టి, లోతుకు పోరాదని, మోకాటి లోతు మించరాదని, ఒక్కొక్క పర్యాయం ఇద్దరికి మించరాదని కట్టడి చేసినారు. వారివద్ద తేలుడు చొక్కాలు లేవు. వున్నదల్లా ఒక పాత లారీ ట్యూబు.

ఆ కట్టడిని మేము పిరికితనమని అనుకోలేదు. 2019 సెప్టెంబరులో గోదావరిమీద కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదాన్ని మన కుటుంబాలు మరచిపోలేదు. నేలా నీరూ రెండింటి మీదా నడిచే బండ్లకు కూడా మినహాయింపు లేదు. అమెరికాలో మిస్సూరి రాష్ట్రంలో బ్రాన్సన్ దగ్గరి సరస్సులో 2018 జూలై 19న అలాంటి ‘డక్’ బండి తుఫాను గాలికి మునిగి 17 మంది చనిపోయినారు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఓడలనుండి ఒడ్డుకు చేర్చడానికి ఇరవై వేలకు పైగా తయారు చేసిన లారీపడవలు అవి. యుద్ధం ముగిసిన తరువాత విహారయాత్రలకు దిగినవి. నేలమీద బండి అనిపించుకున్నది నీటిలోనూ బండి వంటిదే అని మనిషి మనసు నమ్ముతుంది. నీటికి ఆ సంగతి తెలియదు.

భోజనాలయిన తరువాత చింతచెట్టు కింద చేరి యీ ఉభయచర వాహనాల సంగతే మాట్లాడుకున్నాము. ఒకరికి తెలిసినది ఒకరు చెప్పగా పోగయిన ముచ్చట్లు చదువరులకూ పనికివస్తాయని రాస్తున్నాము.

విజయనగరం వైభవంగా వున్న రోజులలో, 1520 ప్రాంతంలో, దొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఆనెగొంది రేవులో యీ పుట్టులనే చూచినాడు. బుట్టల మాదిరి గుండ్రంగా వుండి, లోపల బెత్తము, బయట తోలు, పదిహేను ఇరవై మందిని మోస్తాయని, తెడ్డు వేస్తున్నంతసేపూ గుండ్రంగా తిరుగుతూనే వుంటాయని రాసినాడు. 1803లో ఆర్థర్ వెల్లెస్లీ, అనగా తరువాత వెల్లింగ్టన్ ప్రభువైన సేనాని, మరాఠాల మీదికి పోతూ గోదావరి పొంగి వుండగా ఎద్దుతోళ్ళు కప్పిన బుట్టపడవలు అక్కడికక్కడే అల్లించి సైన్యాన్ని దాటించినాడు.

వీటన్నిటికన్నా మాకు నచ్చినది హెరొడోటస్ చెప్పిన కథ. క్రీస్తుకు సుమారు నాలుగున్నర శతాబ్దాల ముందు ఆ గ్రీకు చరిత్రకారుడు బాబిలోను నగరానికి వచ్చే పడవలను వర్ణించినాడు. అవీ డాలు మాదిరి గుండ్రనివే, తోలు కప్పినవే. ఎగువన ఆర్మీనియా దేశంలో కట్టి, లోపల గడ్డి పరచి, సారాయి పీపాలు ఎక్కించి, ఒక్కొక్క పడవలో బతికివున్న గాడిదను ఒకదానిని కూడా ఎక్కిస్తారట. ప్రవాహంతోపాటు దిగి వచ్చి బాబిలోనులో సరుకు అమ్మివేసి, పడవ చట్రాన్నీ గడ్డినీ కూడా అమ్మివేసి, తోలును మాత్రం గాడిదమీద వేసుకొని నడిచి ఇంటికి పోతారు. ఎదురు ప్రవాహంలో పడవ పోలేదు గనుక అదొక ఉపాయం. వచ్చేటప్పుడు గాడిద పడవమీద, పోయేటప్పుడు పడవ గాడిదమీద. పెద్దాయన మాట విన్న తరువాత యీ కథ తలుచుకుంటే రెండున్నర వేల ఏళ్ళు పెద్ద దూరమనిపించలేదు.

యంత్రాలు వచ్చిన తరువాత యీ కోరిక కొత్త వేషాలు వేసింది. 1961లో జర్మనీలో ఆంఫికార్ అనే కారు వచ్చింది. నేలమీద గంటకు 70 మైళ్ళు, నీటిమీద 7 నాట్లు పోగలదని దానికి 770 అని పేరు. ముందు చక్రాలే నీటిలో చుక్కాని. నాలుగు వేలు కూడా తయారు కాకుండానే దాని కథ ముగిసింది. నీటిలోనికి దించిన ప్రతిసారీ పదమూడు చోట్ల గ్రీజు పెట్టాలని, అందులో ఒక చోటికి వెనుక సీటు ఊడదీయాలని విన్నాము. తారు పూసుకుంటే సరిపోయే పుట్టి మీద మా గౌరవం యీ మాటతో మరికొంత పెరిగింది. అమెరికాలో 1950, 60 ప్రాంతాలలో కారు వెనుక లాగే చిన్న బసపెట్టెలకు పడవనే మూతగా పెట్టి అమ్మినవారున్నారు. మూత తీసి తిరగవేస్తే పడవ, బోర్లిస్తే కప్పు. సోమేనహళ్ళి చెరువు కట్ట కింద మేము చూచినది ఇదే గదా!

వీరందరిలో మొండివాడు ఆస్ట్రేలియావాడైన బెన్ కార్లిన్. అతని సాహసానికి బీజం పడినది మన దేశంలోనే. 1946లో ఇక్కడ సైన్యంలో ఇంజనీరుగా వుండగా బెంగాలులోని కలైకుండ విమాన స్థావరంలో ఒక నీటిజీపును చూచి, దీనిలో ప్రపంచం చుట్టి రావచ్చునని అన్నాడట. 1950లో కెనడాలోని హాలిఫాక్స్ నుండి భార్యతో కలిసి అట్లాంటిక్ మహాసముద్రంలోకి దిగినాడు. ఆ జీపు పేరు ‘హాఫ్ సేఫ్’, అంటే సగం క్షేమం. పేరు పెట్టడంలో నిజాయితీ వున్నది. ఐరోపా దాటి, ఎడారులు దాటి, మన దేశం మీదుగా కలకత్తా చేరి, ఆస్ట్రేలియా, జపానుల మీదుగా 1958లో మాంట్రియలుకు తిరిగి వచ్చేనాటికి అతని పక్కన భార్య లేదు. ఆ ఇరుకు పెట్టెలో సంసారం చేయడం ఎంత కష్టమో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదని మా ఆడవారి తీర్పు. ఆ జీపును ఇప్పటికీ పెర్త్ నగరం దగ్గర అతను చదివిన గిల్డ్‌ఫర్డ్ బడిలో భద్రపరచివున్నారు.

మన దేశంలోనూ ఒక ప్రయత్నం జరగకపోలేదు. పంజాబులోని హరికే చిత్తడినేలలో 2016 డిసెంబరులో నీటిలోనికి దిగే బస్సును ప్రారంభించినారు. అది కొద్ది రోజులే తిరిగి మూలబడింది. మా వంటి గుమాస్తాలకు ఇటువంటి వాహనం పేరు వింటే తోచే మొదటి సందేహం వేరు: దీనిని ఏ రిజిస్టరులో ఎక్కించాలి? రవాణా ఆఫీసులోనా, రేవు ఆఫీసులోనా? ఏ ఫారంలో ఏ గడి నింపాలి? ఆంఫికార్‌కు రెండు చోట్లా నెంబర్లు వుండేవట.

యీ గడి నింపే ప్రశ్నే ఆ సాయంత్రం మాకు నిజంగా ఎదురైంది. వాహనానికి కాదు, పిల్లకు.

పెద్దాయన మనుమరాలికి తొమ్మిదేళ్ళు. కాటా ముల్లు చూచి కిలోలు, గ్రాములు చెప్పగలదు. పదిహేను కిలోల ఏడు వందలకు కూలి ఎంతో వేళ్ళమీద లెక్కగట్టి మాలో ఒకరి కాలేజీ కొడుకు కంటె ముందు చెప్పింది. కాని మా వాను మీద రాసిన అక్షరాలు చదవమంటే నవ్వి తల్లి వెనుక దాగినది. సొంత వూళ్ళో ఒకటో తరగతిలో కొన్నాళ్ళు కూర్చున్నది. ఆ తరువాత చెరువులవెంట తిరగడమే.

“రెండు నెల్లు ఈడ, మూడు నెల్లు ఆడ. బడి మా వెంట వస్తాదా సామీ?” అని పెద్దాయన అడిగినాడు. నిష్ఠూరంగా అడగలేదు. పుట్టిని మోసినట్లు బడిని మోయలేమని చెప్పినాడు, అంతే.

2009లో వచ్చిన చట్టం ప్రకారం ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలను ఏడాదిలో ఏ నెలలో వచ్చినా బడిలో చేర్చుకోవాలని, బదిలీ పత్రమో వయసు పత్రమో లేదని తిప్పి పంపరాదని మాలో యీ వ్యవహారాలు తెలిసిన ఒకరు చెప్పినారు. చట్టం ఆయన విన్నాడు. కోడలు మాత్రం అసలు చిక్కు చెప్పింది. తెల్లవారుజామున మొగవాళ్ళతోపాటు తానూ వల తీయడానికి నీటిలోకి పోవాలి. తోడికోడలిది కూడా అదే పని. పెద్దపిల్ల బడికి పోతే వుయ్యాలలోని బిడ్డను చూచేది ఎవరు? ఒకసారి బిడ్డను పుట్టిలోనే వేసుకొని పోయినారట. గాలి లేచింది. ఆ మాట అక్కడితో ఆపి ఆమె పొయ్యిలోని కట్టెను ముందుకు తోసింది. మేమూ తరువాతి మాట అడగలేదు.

నేలకూ నీటికీ పనికివచ్చే ఇంటిని గురించి పొద్దున్నుంచీ ముచ్చటగా మాట్లాడుకుంటున్నాము. జర్మనీవాడు ఆ పెట్టెలో రెండు రోజులు గడిపి సోమవారం తన ఇంటికి పోతాడు. వీరికి సోమవారం లేదు. కప్పును తీసి నీటిలో వేసుకొని బ్రతుకు తెరువుకు పోతే, ఒడ్డున మిగిలిన పసిబిడ్డ మీద కప్పు లేదు. ఒకే వస్తువు రెండు పనులకు వస్తుందంటే, రెండూ ఒకేసారి కావలసినప్పుడు ఏదో ఒకటి వుండదన్నమాట.

ఇంటికి వచ్చి యీ సంగతంతా అత్తకు చెప్పినాము. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ విని, “అంతేనా! పొద్దున బిడ్డను తెచ్చి నా వసారాలో పండబెట్టమనండి. నాకేం పని వుంది? కోడలు పాలిచ్చి పోతే నేను చూసుకుంటా. పెద్దది బడికి పోనీ” అన్నది. మా నాలుగు కుటుంబాలలో పట్టభద్రులు ఆరుగురు వున్నారు. ఆ మాట ఎవరికీ తోచలేదు.

మరునాడు సోమవారం. తిరుగు ప్రయాణం మధ్యాహ్నానికి పెట్టుకొని పొద్దున్నే బడికి పోయినాము. ప్రధానోపాధ్యాయినిగారు మంచి మనిషి. పేరు, వయసు రాసుకొని, పిల్లను రెండో తరగతి పిల్లల వద్ద కూర్చోబెట్టి, మొదట అక్షరాలు పట్టుబడనీ, తరువాత ఏ తరగతో చూద్దామన్నారు. దరఖాస్తు నింపే పని అలవాటు చొప్పున మా చేతికే వచ్చింది. తండ్రి పేరు, తల్లి పేరు, మాతృభాష అన్నీ నింపినాము. ‘ప్రస్తుత విలాసం’ అన్న చోట కలం ఆగింది. ఇరవై ఏళ్ళుగా ఇతరుల ఫారాలలో ఖాళీ గడులు చూచి “అసంపూర్ణము” అని రాసి తిప్పి పంపడం మా వృత్తి. పెద్దాయన మా మొహాలు చూచి, “చెరువు కట్ట కింద అని రాయండి సామీ. ఈడ అందరికీ తెలుసు” అన్నాడు. అట్లాగే రాసినాము. ప్రధానోపాధ్యాయినిగారు చదివి, మారు మాట్లాడకుండా సంతకం చేసినారు.

ఆ తరువాత సంగతులు అత్త ఫోనులో చెప్పినవే. పిల్ల మధ్యాహ్నం బడి భోజనం చేసి వచ్చి, పలకమీద రాసిన అక్షరాలు అత్తకు చూపేదట. అత్తకు కన్నడం మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. కనుక తప్పో ఒప్పో తేల్చేవారు లేక ఇద్దరూ సంతోషంగానే వుండేవారట. బిడ్డ వసారాలో పాకడం నేర్చినాడు. మాఘమాసానికి నీళ్ళు తూము కిందికి దిగిపోయినవి. బెంగుళూరులో శుద్ధి చేసిన నీటిని చిక్కబళ్ళాపురం చెరువులకు ఎక్కించే పథకం ఒకటి వున్నది. పడమటి కనుమల నుండి నీళ్ళు తెచ్చే ఎత్తినహొళె పథకం తొలిదశ 2024 సెప్టెంబరులో ప్రారంభమయింది. వాటిని గురించి వూళ్ళో రోజూ మాట్లాడుకుంటారు. కాని ఆ చెరువు మాత్రం ఎప్పటి మాదిరే వానను నమ్ముకొని నిండింది, ఎండను చూచి తగ్గింది. శివరాత్రికి ముందే చేపలు అయిపోయినవి.

పోయే ముందు బడివారు ఒక కాగితం ఇచ్చినారు. ఫలానా పిల్ల ఇన్ని రోజులు ఇక్కడ చదివింది, ఇంతవరకు నేర్చింది అని. కోడలు దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రేకుపెట్టెలో పెట్టక, పుట్టి అల్లికలో పై అంచున ఒక బద్దకింద దోపి కట్టిందట. పెట్టె తడవవచ్చును గాని ఆ చోటు ఎన్నడూ తడవదని ఆమె చెప్పింది. బాగేపల్లి వైపు ఇంకొక పెద్ద చెరువుకు వారికి పిలుపు వచ్చింది. అత్త బిడ్డకు ఒక దుప్పటి, పిల్లకు ఒక కొత్త పలక ఇచ్చి పంపింది.

రోడ్డుమీద చిన్న లారీ వచ్చి ఆగింది. మూడు పుట్టులను ఒకదానిమీద ఒకటి బోర్లించి తాళ్ళు బిగించి, కింద పిల్లలను కూర్చోబెట్టినారు. పుట్టులకు వేరే కిరాయి ఇవ్వాలని డ్రైవరు, మా ఇంటికి మేము కిరాయి ఏమిటికి ఇస్తామని కోడలు కాసేపు గట్టిగానే వాదులాడుకున్నారట. చివరికి మూడింటికీ కలిపి నూరు రూపాయలకు ఒప్పందమై లారీ కదిలింది.